రాహుకాలంలో వెలిగే దీపం

"జీలకర్రలో మెంతులు కలిపిందెవరు?"

మంగళవారం ఉదయం ఏడు గంటలకు మహాలక్ష్మి పోపులపెట్టె ముందు నిలబడి అడిగింది. ఇంట్లో ఉన్న అనుమానితులు ఇద్దరే. ఒకరు భర్త రామనాథం, దండక్ మినరల్స్ టౌన్‌షిప్ స్కూల్లో లెక్కల మాస్టారు. రెండోవారు అత్తగారు రామసుబ్బమ్మ.

"నేను పోపులపెట్టె ముట్టుకుని నెలయింది," అన్నాడు రామనాథం పేపరు దించకుండా.

"నిన్న మజ్జిగలోకి జీలకర్ర కావాలన్నది నేనా?" అంది రామసుబ్బమ్మ.

"అడిగాను. తియ్యలేదు."

"తియ్యకుండానే గిన్నెలు కదిలాయా? ఒకటే చెంచా రెండింట్లోనూ ముంచి ఉంటావు. చిన్నప్పటినుంచీ నీకు అంతే."

"అమ్మా, నాకు నలభై రెండేళ్లు."

"జీలకర్రేదో మెంతులేవో తెలియడానికి సరిపోయే వయసే."

మహాలక్ష్మి గిన్నెను పళ్లెంలో బోర్లించి మెంతులు ఏరడం మొదలుపెట్టింది. సగం ఏరేసరికి ఫోన్ మోగింది.

"మీ గ్యాస్ బుకింగ్ పదిహేడో నంబరు. బుధవారం గీదంలో డెలివరీ."

"రెగ్యులేటర్ కూడా తెస్తారా?"

"పాతది ఇస్తే కొత్తది."

ఆమె ఫోన్ పెట్టేసి మళ్లీ పళ్లెం ముందు కూర్చుంది. కానీ వేళ్లు కదల్లేదు. చివరి మాటకు అర్థం: ఒక మనిషి అరెస్టు కాబోతున్నాడు, టైము లేదు.

ఆ ఇంట్లో మిగతా ఇద్దరికీ తెలియని సంగతి ఒకటుంది. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివిన మహాలక్ష్మి పెళ్లికి ముందు ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసులో రెండేళ్లు పనిచేసింది. పెళ్లయ్యాక మానేశానని అందరికీ చెప్పింది. ఆఫీసు మాననివ్వలేదు. ఫైల్లో ఆమె ఏజెంట్ సెవెంటీన్. 2006లో ఈ బస్తర్ కొండకింద, మహిళా సమితిలో ఆడవాళ్లకు కంప్యూటర్ నేర్పే లక్ష్మి మేడం. మారువేషాల పద్దు కింద ఆమె మీద ఆఫీసు ఒక్క పైసా ఖర్చు పెట్టలేదు. చేతిలో టిఫిన్ క్యారియర్ ఉన్న ఇల్లాలిని ఎవరూ రెండోసారి చూడరు.

* * *

బుధవారం గీదం బజారులో, పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చే వ్యాపారి ఒకడు గొనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. మహాలక్ష్మి రెండు పాత చీరలు అతని ముందు పెట్టి ఒక గిన్నె ఎత్తి చూసింది.

"గిన్నెలమ్మేవాడి చేతికి ఆ వాచీ ఏమిటి సార్?" అంది మెల్లిగా.

డైరెక్టర్ భీమశంకరం వాచీ తీసి జేబులో వేసుకున్నాడు.

"సెవెంటీన్, విను. ఆవపల్లి అడవిలో మీ దండక్ వాళ్లు బోర్లు వేస్తున్నారు. టాంటలం కోసం. సెల్‌ఫోన్లలో వాడే లోహం. మూడు బోర్ల రిపోర్టులు ఇప్పటికే దేశం దాటాయి. సముద్రం అవతల ఒక ముఠా ఉంది. దాని పేరు ఆర్కిడ్. రాయపూర్‌లో దానికి ఒక బినామీ కంపెనీ."

"ఇప్పుడు వేస్తున్న ఏడో బోరు సంగతి?"

"ఖనిజం దొరికిందే అందులో. మ్యాపుతో సహా ఫైనల్ రిపోర్టు శుక్రవారం తయారవుతుంది, పన్నెండు దాటాక ఢిల్లీకి వెళుతుంది. అంతకు ముందే ముఠా చేతికి చిక్కితే, మనం సంతకం పెట్టేలోపు బినామీ పేరుతో లీజు దరఖాస్తు దాఖలైపోతుంది."

"ఎవరు పంపుతున్నారు?"

"టైపిస్టు ఉప్పలయ్య. మూడూ అతని మెషిన్ నుంచి, అతని పాస్‌వర్డ్‌తోనే వెళ్లాయి. శుక్రవారం పన్నెండుకు అరెస్టు. దేశద్రోహం సెక్షన్లు."

మహాలక్ష్మి గిన్నె కింద పెట్టింది. ఉప్పలయ్యది కుంట ఊరు. టైపు మిషన్ల కాలం నుంచి ఆ ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా ఉన్నాడు. అతని భార్య తిరుపతమ్మ ఆమె క్లాసులో ముందు వరసలో కూర్చుని, మౌస్‌ను కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంటుంది.

"స్పైవేర్ కావచ్చు కదా?"

"నాకూ అదే అనుమానం వచ్చింది. వైరస్ అయితే మెషిన్ పాడుచేసి తెలిసిపోతుంది. స్పైవేర్ పాడు చెయ్యదు. ఉచితంగా వచ్చిన ఏదో ప్రోగ్రాం వెనక నక్కి వస్తుంది. చదవకుండా 'ఐ యాగ్రీ' నొక్కి మనమే లోపలికి రానిస్తాం. ఆ తర్వాత కొట్టిన ప్రతి కీ రాసుకుంటుంది. తీరిక చూసి యజమానికి పంపుతుంది. మెషిన్ నెమ్మదిస్తే పాతబడిందనుకుంటాం. అందుకే గంగాను పంపాను. వెతికి చూసింది. మెషిన్ క్లీన్. అంటే దొంగ మనిషే."

గంగా రాయపూర్‌లో సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్. ఆర్కిడ్ ముఠాలో ఆఫీసు నాటిన మనిషి. కోడ్ నేమ్ మైనా.

"లీకులు ఏ టైముల్లో జరిగాయి?"

"మంగళవారం మూడు నలభై. గురువారం ఒంటిగంట యాభై. శుక్రవారం పదకొండు పది. గది ఖాళీగా ఉన్నప్పుడు దొంగచాటుగా వస్తున్నాడు."

"మిట్టమధ్యాహ్నం గది ఎందుకు ఖాళీగా ఉంటుంది సార్?"

"టీకి వెళతారేమో. గిన్నె పట్టుకెళ్లు."

బస్సులో ఆమె ఆ మూడు టైములూ మళ్లీ తలుచుకుంది. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర. గురువారం ఒకటిన్నర నుంచి మూడు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు. కాపురానికి వచ్చినప్పటినుంచీ అత్తగారి నోట వింటున్న వేళలు. ఢిల్లీ డైరెక్టర్‌కు తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ మూడూ రాహుకాలాలు.

* * *

గురువారం ఒంటిగంటకు ఆమె సమితి ఆహ్వానపత్రాలు ప్రింట్ చేయించుకునే వంకతో ఉప్పలయ్య పనిచేసే దండక్ సర్వే ఆఫీసుకు వెళ్లింది. ఉప్పలయ్య కుర్చీ లాగి వేశాడు.

"రాండ్రి మేడం. గీ మిషన్‌తోటి సచ్చిపోతున్న. పేజీ తెరవమంటే పావుగంట. మధ్యల గుర్రప్పందేలంట, లాటరీ అంట, బొమ్మలు లేస్తయి. నేనెప్పుడన్న అడిగిన్నా?"

"ఎన్నాళ్లనుంచి?"

"ఉగాది కాడికెల్లి. మా ఇంటామె అంటది, నువ్వు ముసలోడివయినవు, మిషన్‌నేం అంటవని."

స్క్రీన్ మూలన ఒక చిన్న కిటికీ. అందులో ఎర్ర అంకెల గడియారం, తిథి, నక్షత్రం, వర్జ్యం. తెలుగు పంచాంగం ప్రోగ్రాం. సరిగ్గా ఒకటిన్నరకు చిన్న గంట మోగింది. 'రాహుకాలం ప్రారంభం.'

ఉప్పలయ్య చెయ్యి కీబోర్డు మీంచి లేచింది. పక్క టేబుళ్ల దగ్గర డ్రాఫ్ట్స్‌మన్లూ, గుమాస్తాలూ కుర్చీలు వెనక్కి జరిపారు. దాదాపు అందరూ తెలుగువాళ్లే. మిగతావాళ్లకు కూడా అలవాటైపోయింది.

"మూడింటిదాంక ఏదీ ముట్టుకోం మేడం. ఒకసారి రాహుకాలంల మ్యాప్ పంపితే, పంపిన బోర్ల రెండు నెలలు నీళ్లే పడ్డయి. సాబుకు కూడ ఎరికే. మీరు ప్రింట్లు తీసుకోండ్రి, మీకేం పట్టింపు లేదంటే."

గది ఖాళీ అయింది. మహాలక్ష్మి ఒక్కతే కుర్చీలో కూర్చుని చూసింది. అయిదు నిమిషాలు ఏమీ లేదు. ఒకటీ ముప్ఫైఆరుకు మోడెం మీద ఎర్ర దీపం వెలిగింది. డయలింగ్ కూత లేదు. దాని నోరు ముందే నొక్కేశారు. దీపం మాత్రం ఆగి ఆగి వెలుగుతోంది. ఎవరూ ముట్టుకోని మెషిన్ తనంతట తాను ఎవరితోనో మాట్లాడుతోంది.

వంట గట్టు వెనక ఏదో చచ్చి వాసన కొట్టినప్పుడు పుట్టే అసహ్యం ఆమెకు పుట్టింది. బల్లో, ఎలకో తెలియకముందే ఉన్నదని తెలుస్తుంది.

కుంకుమ భరిణ మూత తిప్పింది. కుంకుమ పొర కింద పెన్ డ్రైవ్. పంచాంగం ఫోల్డర్ మొత్తం కాపీ చేసింది. లోపల ఒక ఫైలు మిగతావాటికంటే వంద రెట్లు పెద్దది.

"ఆంటీ, మీరా?"

గుమ్మంలో గంగా. కోసా పట్టు చీర, నల్ల కళ్లద్దాలు తలమీదికి తోసుకుని, గోళ్లకు చీర అంచు రంగు. చేతిలో ఒక సీడీ.

"ప్రింట్లకొచ్చాను," అంది మహాలక్ష్మి. ఆమెకు ముప్ఫై ఎనిమిదేళ్లు. గంగాకు ముప్ఫై దాటి ఉంటాయి. ఆంటీ అన్న మాటను మనసులో ఒక మూల పెట్టుకుంది.

"రేపు రిపోర్టు పంపేముందు ఈ సీడీ వేస్తాను. స్పైవేర్ క్లీనర్. మీ సమితికి కూడా ఒకటి ఉంచండి. ఫ్రీ."

మహాలక్ష్మి థాంక్స్ చెప్పి తీసుకుంది.

* * *

మధ్యాహ్నం మూడున్నరకు రామసుబ్బమ్మ పక్క క్వార్టర్‌లో భజనకు వెళ్లింది. మహాలక్ష్మి తలుపు గడియ వేసి ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంది. పెద్ద ఫైలుకు వేసిన తాళం చిన్నది. అరగంటలో విడిపోయింది.

ఉప్పలయ్య ఉగాది నుంచి కొట్టినదంతా అందులో ఉంది. బోరు రిపోర్టులు, పాస్‌వర్డులు. వాటి మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ఉత్తరాలు. హైదరాబాద్ ఆసుపత్రిలో ఉన్న తమ్ముడికి రాసినవి. పంపిన మాటలే కాదు, రాసి చెరిపేసినవి కూడా ఉన్నాయి. 'నువ్వు బతకవని డాక్టర్ చెప్పిండు' అని కొట్టి, ఒక్కొక్క అక్షరమే చెరిపి, 'జల్ది నయమైతది' అని రాశాడు. చెరిపిన ప్రతి అక్షరానికీ ఆ ప్రోగ్రాం ఒక గుర్తు పెట్టుకుంది.

విడిచిన బట్టల బుట్టలో పరాయివాడు చెయ్యి పెట్టి ఒక్కొక్కటే ఎత్తి చూస్తున్నట్టుంది. ఆమె లేచి చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చింది.

అప్పుడు కనబడింది. తన స్క్రీన్ మూలన కూడా అదే ఎర్ర గడియారం.

ఉగాదికి 'భక్త మిత్ర' అనే ఊరూపేరూ లేని సంస్థ సమితికి నాలుగు వందల పంచాంగం సీడీలు కొరియర్‌లో పంపింది. పసుపు, కుంకుమ, రవికెల గుడ్డలతో పాటు వాయనంలో పెట్టి పంచింది ఎవరో కాదు, ఏజెంట్ సెవెంటీన్. స్వహస్తాలతో, బొట్టు పెట్టి మరీ. తిరుపతమ్మకిచ్చినదే ఉప్పలయ్య ఆఫీసు మెషిన్‌లోకి చేరింది. అత్తగారు ముచ్చటపడితే ఇంట్లో రామనాథమే ఎక్కించాడు.

తెరవకూడదనుకుంటూనే తన ఇంటి ఫైలు తెరిచింది. జూలైలో రామనాథం అన్నయ్యకు రాసిన ఉత్తరం. 'లక్ష్మి నా దగ్గర ఏదో దాస్తోంది. చెప్పకుండా ఊరెళుతుంది. అడగాలంటే భయం. అడిగితే నిజం చెబుతుందేమోనని.' అది మొత్తం చెరిపేసి, 'ఇక్కడ అంతా క్షేమం, వానలు బాగా పడుతున్నాయి' అని పంపాడు.

ఆమె ఫైలు మూసేసింది. సముద్రం అవతల ఎవడో ఇది చదివి ఉంటాడు. వాడు చదివినందుకంటే, తను చదివినందుకే ఎక్కువ సిగ్గేసింది.

కాసేపటికి గంగా ఇచ్చిన సీడీ గుర్తొచ్చింది. దాన్ని ఎక్కించకుండా, లోపలి ఫైళ్లు మాత్రం తెరిచి పంచాంగం ఫైళ్ల పక్కన పెట్టి చూసింది. పైపేర్లు వేరు. ఉత్తరాలు మోసుకెళ్లే ఫైలు ఒక్కటే, అదే సైజు, ఎక్కడికి పంపాలో ఆ అడ్రసూ అదే. స్పైవేర్ తుడిచే సీడీలో కొత్త స్పైవేర్. గంగా 'మెషిన్ క్లీన్' అని ఎందుకు చెప్పిందో తేలిపోయింది.

డైరెక్టర్ నంబర్‌కు ఫోన్ చేసి చెప్పింది.

"మైనాను నేనే రిక్రూట్ చేశాను. నీ ఫైళ్లు ఎవరైనా తయారు చెయ్యొచ్చు అంటుంది కోర్టు. కళ్లతో చూసిన సాక్షి కావాలి, సెవెంటీన్. లేకపోతే పన్నెండుకు ఉప్పలయ్యే లోపలికి వెళతాడు."

* * *

శుక్రవారం పదీ ఇరవైకి ఉప్పలయ్య రిపోర్టు టైపింగ్ ముగించాడు. మ్యాపుతో కలిపి పెద్ద ఫైలు. పదిన్నరకు గంట మోగింది. ఢిల్లీకి పంపడం పన్నెండు దాటాకే. గంటన్నర పాటు ఏడో బోరు రహస్యం ఎవరూ ముట్టుకోని మెషిన్‌లో కూర్చుని ఉంటుంది. ముఠా లెక్క వేసుకున్నది సరిగ్గా ఈ గంటన్నర మీదే.

వరండాలో టీ గ్లాసులు వచ్చాయి. అరెస్టు కోసం రాయపూర్ నుంచి మఫ్టీలో వచ్చిన ఇన్‌స్పెక్టర్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మహాలక్ష్మి టిఫిన్ క్యారియర్ విప్పి అతనికీ ఉప్పలయ్యకూ చెరి రెండు ఇడ్లీలు పెట్టింది.

"మీరు పట్టుకోవాల్సిన ఉప్పలయ్య ఈయనే," అంది హిందీలో, మెల్లిగా. "ఈయన పక్కన కూర్చుని తినండి. కళ్లు తిప్పకండి. నేను పిలిచినప్పుడు కిటికీ దగ్గరికి రండి."

ఇన్‌స్పెక్టర్‌కు డైరెక్టర్ ఫోన్ ముందే వచ్చినట్టుంది. మారు మాట్లాడకుండా బెంచీ మీద కూర్చున్నాడు.

"ఎవలు మేడం ఈ సారు?" అన్నాడు ఉప్పలయ్య.

"మీకోసమే వచ్చారు. టీ ఇప్పించండి."

"ఏంది, నాకోసమా? నాకెవలొస్తరు?" నవ్వి, తన గ్లాసు ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టాడు.

పదీ నలభైకి గంగా వచ్చింది. క్లీనర్ వెయ్యాలని చెప్పి గదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకుంది. పదకొండూ పదిహేనుకు మహాలక్ష్మి ఇన్‌స్పెక్టర్‌ను పిలిచింది. కిటికీ చువ్వల్లోంచి స్క్రీన్ స్పష్టంగా కనబడుతోంది. స్పైవేర్ ఎప్పుడూ తన పని చూపించదు. మ్యాపు ఉన్న అంత పెద్ద ఫైలు దాని తీరికకు వదిలితే పన్నెండులోపు పోదని, తొందరలో ఉన్న గంగా దాన్ని బయటికి లాగింది. స్క్రీన్ మధ్యలో నీలం గీత పాకుతోంది. పైన రిపోర్టు పేరు. పక్కన ఎనభై ఎనిమిది శాతం.

ఇన్‌స్పెక్టర్ వెనక్కి తిరిగి ఉప్పలయ్యను చూశాడు. అతను బెంచీ మీద ఇడ్లీ తింటున్నాడు. మళ్లీ స్క్రీన్ చూశాడు. తొంభై ఒకటి.

ఇన్‌స్పెక్టర్ తలుపు బాదాడు. "పోలీస్. తెరవండి."

"వైరస్ స్కాన్ నడుస్తోంది," అంది గంగా లోపల్నుంచి, తిరగకుండానే. "మధ్యలో ఆపితే డేటా పోతుంది. పది నిమిషాలు."

తలుపు టేకు చెక్కది. ఇన్‌స్పెక్టర్ భుజంతో రెండుసార్లు తోశాడు. కదల్లేదు. తొంభై అయిదు.

మహాలక్ష్మి తోయలేదు. వరండా చివర ప్యూన్ బుధ్రాం గదికి నడిచింది. బుధ్రాం స్టూలు మీద కూర్చుని బీడీల కట్ట విప్పుతున్నాడు. అతని పక్కన గోడకు, ఆఫీసు లైనుకే కలిపిన ఫోన్. దానిమీద హిందీలో కాగితం అంటించి ఉంది: నెట్ నడుస్తుండగా రిసీవర్ ఎత్తరాదు.

"మేడమ్‌జీ, అది ఎత్తితే నెట్ కట్ అవుతుంది. సాబ్ తిడతారు," అన్నాడు బుధ్రాం.

"ఎంత తిడతారు?"

"చాలా."

మహాలక్ష్మి రిసీవర్ ఎత్తింది. చెవిలో ఈదురుగాలిలాంటి రొద ఒకటి, తర్వాత నిశ్శబ్దం. కిటికీ దగ్గర్నుంచి ఇన్‌స్పెక్టర్ కేక వేశాడు. "తొంభై ఎనిమిది దగ్గర ఆగింది."

గంగా మళ్లీ డయల్ చేసింది. రిసీవర్ మహాలక్ష్మి చేతిలోనే ఉంది. మూడోసారి డయల్ చేశాక కిటికీలోంచి గొంతు వినబడింది.

"ఆంటీ, ఫోన్ పెట్టేయండి."

"మాట్లాడుతున్నానమ్మా," అంది మహాలక్ష్మి. "ఇంకా పూర్తి కాలేదు."

తలుపు పన్నెండుకు అయిదు నిమిషాలుండగా, బుధ్రాం గునపం తెచ్చాక, తెరుచుకుంది. ఉప్పలయ్య కోసం తెచ్చిన బేడీలు గంగా గాజుల పైన పడ్డాయి. జీపు కదిలాక ఎవరో చెబితే ఉప్పలయ్యకు విషయం తెలిసింది. అతను బెంచీ మీద కూర్చుండిపోయి, చాలాసేపు చేతుల వంక చూసుకున్నాడు.

"నా చేతులే కొట్టినయి కద మేడం, అన్నీ," అన్నాడు. "మా తమ్ముని ముచ్చట కూడ పోయిందా?"

ఆమె అబద్ధం చెప్పలేదు. "పోయింది," అంది.

* * *

డైరెక్టర్ ఫోన్ పన్నెండున్నరకు ఇంటికి వచ్చింది.

"వెల్ డన్, సెవెంటీన్. ఇంకొక్క పని. ఆ పంచాంగం నాలుగు వందల ఇళ్లలో ఉందన్నావు. తీయొద్దు."

"అర్థం కాలేదు సార్."

"అడ్రస్ మాత్రం మార్చు. అది ముఠాకు కాకుండా మనకు వచ్చేలా. ఈ బెల్టులో ఎవరేం అనుకుంటున్నారో మనకు తెలియడం మంచిదే కదా. చెరిపేసింది కూడా తెలుస్తుందట. అద్భుతమైన వస్తువు."

"అందులో మా ఇల్లు కూడా ఉంది."

"అందుకే నీకు సులువు."

మహాలక్ష్మికి గంగాను చూసినప్పుడు కూడా ఇంత అసహ్యం వెయ్యలేదు. గంగా డబ్బుకోసం చేసింది, తను దొంగనని ఆమెకు తెలుసు. ఈయన గొంతులో తప్పు చేస్తున్న బెరుకు కూడా లేదు.

"ఆ పదిహేడో నంబరు కొట్టేసుకోండి సార్, నేను మానేస్తున్నాను," అని మహాలక్ష్మి ఫోన్ పెట్టేసి, ఆ ఉత్తరాలున్న పెన్ డ్రైవ్‌ను రోటిలో వేసి రోకలితో నాలుగు దెబ్బలు వేసింది. ఇంటి కంప్యూటర్‌లో పంచాంగాన్ని వేళ్లతో సహా తీసేసింది. రోలు మూడుసార్లు కడిగింది.

ఒంటిగంటకు రామనాథం భోజనానికి వచ్చాడు. బీరకాయ కూర, చారు. రామసుబ్బమ్మ పీట వాల్చుకుని కూర్చుంది. మహాలక్ష్మి ముగ్గురికీ వడ్డించి తనూ కూర్చుంది. రోజూ ఆఖరున తినే మనిషి ఇలా పక్కన కూర్చోవడం చూసి ఇద్దరూ తలెత్తారు.

"సోమవారం నుంచి టౌన్‌షిప్‌లో ఇంటింటికీ వెళ్లి, ఉగాదికి నేను పంచిన సీడీ ప్రోగ్రాం తీసేస్తాను," అంది. "నాలుగు వందల ఇళ్లు. అది ఏం చేసిందో ప్రతి ఇంట్లోనూ చెబుతాను. నెలో, రెండు నెలలో పడుతుంది. వంట ఒక్కోరోజు మీరు చూసుకోవాలి."

"ఎవరు చెప్పారు చెయ్యమని?" అంది రామసుబ్బమ్మ.

"ఎవరూ చెప్పలేదు. చెయ్యొద్దన్నారు. అందుకే ఉద్యోగం కూడా మానేశాను."

"సమితిదా? దానికి జీతమే లేదు కదే."

"అది కాదు అత్తయ్యగారూ." ఆమె భర్త వైపు తిరిగింది. "జూలైలో మీ అన్నయ్యగారికి మీరు రాసి చెరిపేసిన ఉత్తరం నేను చదివాను. చదవకూడదు. చదివాను."

రామనాథం చెయ్యి అన్నంలో ఆగిపోయింది. కంచం వంక, ఆమె వంక చూశాడు.

"ఏ ఉద్యోగం?"

మహాలక్ష్మి చారు గిన్నె అతని దగ్గరికి జరిపింది.

"ముందు ఇది పోసుకోండి. స్కూలుకు సెలవు చీటీ కూడా పంపండి. అంతా చెప్పేసరికి పిల్లలకు ఇంటిబెల్లు కొట్టేస్తారు."